అతుకు దగ్గరే అసలు పని

రాజమహేంద్రవరంలో పదేళ్లు దాటిన అపార్ట్‌మెంట్లలో కిటికీ చట్రాల చుట్టూ ఒకసారి పరకాయించి చూడండి. తెల్లటి సిలికాన్ ఒకచోట బొటనవేలంత మందాన, ఇంకోచోట అంటీ అంటనట్టు కనిపిస్తుంది. అంచుల వెంబడి నల్లటి బూజు. గోటితో లాగితే జానెడు ముక్క ఊడి చేతికొస్తుంది. దాని కింద ఇంకో పొర, ఆ కింద పసుపు తిరిగిన మరో పొర. ఏటా తొలకరి వేళ ఎవరో ఒకరు సిలికాన్ గన్ను పట్టుకొచ్చి పాతదాని మీదే కొత్తది పూసి పోయారన్నమాట. గట్టిగా ఓ ముసురు పట్టేసరికి కిటికీ కింద గోడ మళ్లీ నెమ్మెక్కుతుంది, లప్పం ఉబ్బి పెచ్చులూడుతుంది. ఇంటివాళ్లు సందులు మూసే ఆ సీలెంట్‌ను తిడతారు, మేస్త్రీని తిడతారు, మరుసటేడు మళ్లీ అదే పని చేయిస్తారు.

తప్పు గన్నులో లేదు, ట్యూబులో లేదు. పాత పూత తీయకపోవడంలో ఉంది. ఆరిన సిలికాన్ మీద రంగు నిలవదు, లప్పం నిలవదు, కొత్త సిలికాన్ కూడా గట్టిగా అంటదు. పైకి మాత్రం అంటినట్టే ఉంటుంది. రెండు నెలల ఎండకు పొర సడలి, కంటికి ఆననంత సన్నని సందు విచ్చుకుంటుంది. నీటికి ఆ చోటు చాలు.

సీలెంట్ గీత ఒకే వెడల్పున, అంచులు చెదరకుండా, తీరుగా ఉండటాన్ని చాలామంది సోకు కింద జమకడతారు. నిజానికి అది పనితనానికి సాక్ష్యం. గీత తీరుగా వచ్చిందంటే పాతదాన్ని శుభ్రంగా గీకారు, దుమ్మూ జిడ్డూ తుడిచారు, సందు వెడల్పు చూసి ట్యూబు మూతి కోశారు, పూశాక ఒక్క చేతివాటున సాపు చేశారు. ఇవేవీ చేయకుండా అలాంటి గీత రాదు, వచ్చినా నిలవదు. ఉప్పుగాలి, ముసురు, తుపాను, మండే ఎండ ఒకేచోట ఉన్న గోదావరి డెల్టాకు ఈ పని ఎంతో అవసరం. ఆ పని తెలిసిన చేతులూ తరతరాలుగా ఇక్కడే ఉన్నాయి. ఈ రెండూ ఇప్పటికీ ఒకదానికొకటి తారసపడకపోవడమే బాధ కలిగించే విషయం.

ఇళ్ల సంగతి అలా ఉంచితే, గోదావరి ఒడ్డుకు ఇప్పుడు చక్రాల మీద ఇళ్లు కూడా రాబోతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో క్యారవాన్ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించింది. కేరళ 2021లోనే ఆ దారి పట్టింది. రాజమహేంద్రవరంలో 94.44 కోట్ల రూపాయల అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్ 26న శంకుస్థాపన జరిగింది. 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన హేవ్‌లాక్ వంతెనను పర్యాటకులు తిరిగే చోటుగా మార్చడం అందులో పెద్ద పని. 2027లో పుష్కరాలు. ఆ రద్దీకి బండిలోనే పడుకుని, బండిలోనే వండుకుని తిరిగేవాళ్లు వస్తారు.

చక్రాల ఇల్లు తెలుగువాళ్లకు మరీ వింతేమీ కాదు. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్పించుకుని రాష్ట్రమంతా చుట్టారు. కోనసీమలో షూటింగులు జరిగినప్పుడల్లా కొబ్బరితోటల పక్కన నటీనటుల క్యారవాన్లు బారులు తీరి ఆగి ఉండటం ఊళ్లవాళ్లకు అలవాటే. ఇంజను లేకుండా కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ట్రావెల్ ట్రైలర్ మాత్రం ఇక్కడ అరుదు. అది ఎక్కువగా కనిపించేది అమెరికాలో. ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ చుట్టుపక్కల వాటి కర్మాగారాలు ఎక్కువగా గుమిగూడి ఉంటాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు వేసవి సెలవుల్లో అలాంటి బండి అద్దెకు తీసుకుని అడవులూ కొండలూ చూసి రావడం కొత్త కాదు. ఆ బండి సొంతంగా కొనుక్కున్నవాళ్లకే దాని అసలు శత్రువు ఎవరో తెలుస్తుంది. టైరు పేలితే మార్చుకోవచ్చు. నీరు లోపలికి దిగితే బండే పోతుంది.

ఎందుకంటే దాని గోడ మందం రెండు అంగుళాలకు అటూఇటూ. సన్నటి చెక్క లేదా అల్యూమినియం చట్రం, మధ్యలో థర్మోకోల్ వంటి నురుగు, లోపల పల్చటి ప్లైవుడ్, బయట అల్యూమినియం లేదా ఫైబర్ రేకు. పైకప్పు మీద గాలి గొట్టానికో కన్నం, ఏసీకో కన్నం, యాంటెన్నాకో కన్నం. మూలల్లో పట్టీలు, వాటికి వరసగా స్క్రూలు. ప్రతి స్క్రూ రంధ్రమూ నీటికి ఒక గుమ్మమే. లోపలికి దిగిన చెమ్మ ప్లైవుడ్ పొరల మధ్య నెలల తరబడి మౌనంగా పాకుతుంది. మంచం కింద నేల మెత్తబడి కాలు దిగబడినప్పుడో, గోడ కాగితం ఉబ్బినప్పుడో యజమానికి తెలుస్తుంది. అప్పటికి చట్రం కుళ్లి ఉంటుంది. అందుకే ఆ బండ్లు వాడేవాళ్లు మూణ్నాలుగు నెలలకోసారి నిచ్చెనేసుకుని పైకప్పు మీది అతుకులన్నీ వేలితో తడిమి చూసుకుంటారు. మన దేశంలో మోటారు క్యారవాన్ల ఆమోదానికి ఏఐఎస్-124 ప్రమాణం ఉంది. కానీ ప్రమాణం బండి రోడ్డెక్కే నాటి సంగతి చూస్తుంది. నాలుగు వానాకాలాల తర్వాత పైకప్పు మీద అతుకు ఎలా ఉందో చూడాల్సింది మనిషే.

ఇంతకీ ఈ పని గోదావరి తీరానికి పరాయిది కాదు. కాకినాడకు దగ్గరలోని తాళ్లరేవు, కోరంగి ఊళ్ల బతుకే ఒకప్పుడు సందులు మూసే పని మీద నడిచింది. కోరంగిలో 1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఆయన యుద్ధనౌకలు, పెద్ద ఓడలు మరమ్మతు చేసేందుకు ఒక డాక్ కట్టించాడు. సముద్రంలో దెబ్బతిన్న ఓడలు అక్కడికొచ్చి పలకలు మార్పించుకుని, సందులు పూడ్పించుకుని మళ్లీ తెరచాప ఎత్తేవి. బర్మాకు వలసపోయిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు కోరంగీలని పిలిచారంటే ఆ రేవు నుంచి రాకపోకలు ఎంతగా సాగాయో ఊహించుకోవచ్చు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపాను ఉప్పెనలు ఆ రేవును ముంచెత్తాయి. ఆపైన గోదావరి తెచ్చిన ఒండ్రు పూడిక మిగతా పని పూర్తిచేసింది. వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. కొయ్య బోట్లు కట్టే వడ్రంగులు మాత్రం తాళ్లరేవు ప్రాంతంలో నిలిచారు.

వాళ్ల పని దగ్గరగా చూడాలంటే వేసవిలో వెళ్లాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో కాకినాడ తీరాన బోట్లు ఒడ్డెక్కుతాయి. బోటు పొట్ట కింద గొంతుకూర్చున్న వడ్రంగి మొదట చేసేది కొత్తది కూరడం కాదు, పాతది తోడటం. కొక్కెం లాంటి ఇనుప పనిముట్టుతో రెండు పలకల మధ్య నుంచి నల్లబడిన పాత దూదిని పీచుపీచుగా లాగుతాడు. బురద, నాచు, ఎండిన గుగ్గిలం పెచ్చులు రాలి కింద పడతాయి. సందులో వేలు పెట్టి చెమ్మ ఉందో లేదో చూస్తాడు. పలక అంచు మెత్తబడితే ఆ ముక్క కోసి కొత్తది వేయాల్సిందే. ఒక్కో రోజు సాయంత్రానికి ఒక్క పోగు కొత్త దూది కూడా లోపలికి పోదు. అంతా తోడటంతోనే సరిపోతుంది.

తర్వాత దూదిని పేనుతాడు. సందు వెడల్పును బట్టి పోగు లావు. మొండి అంచు ఉన్న ఉలి ఆన్చి, కొయ్య సుత్తితో కొడుతూ ఆ పోగును సందులోకి దింపుతాడు. ఒక్క దెబ్బకు తోసేయడు. మొదటి వరసలో చిన్న చిన్న మడతలుగా లోపలికి తట్టి, రెండో వరసలో బిగిస్తాడు. తక్కువ కూరితే నీరు కారుతుంది. ఎక్కువ కూరితే నీళ్లలో కొయ్య ఉబ్బినప్పుడు పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని మేకులు సడలుతాయి. ఎంత కూరాలో కొలత కాగితం మీద లేదు, సుత్తి చప్పుడులో ఉంది. దూది బిగిసేకొద్దీ చప్పుడు మారుతుంది. బిగిశాక పైన నూనెలో కాచిన గుగ్గిలం. పొంగి పలక మీదికి వచ్చినదాన్ని అప్పటికప్పుడే గీకి పలకతో సమానం చేస్తాడు. పైకి లేచి ఉన్న పూతను అల పట్టుకుని పీకుతుంది, వల దారం తగులుకుంటుంది. ఆ గీత తీరుగా ఉండటానికి అంత గట్టి కారణం ఉంది.

ఇంకా పాత పద్ధతీ ఉంది. కోరమండల్ తీరాన అలలు దాటి ఓడల దగ్గరికి వెళ్లే మసూలా పడవల్లో పలకలను మేకులతో బిగించేవారు కాదు. కొబ్బరి తాడుతో కుట్టి, కుట్టు కింద గడ్డో నారో పరిచేవారు. అల వచ్చి కొట్టినప్పుడు పడవ కాస్త వంగి మళ్లీ నిలబడేది. ఆ కుట్టు విద్యకే భారత నౌకాదళం 2025 మేలో మళ్లీ పీట వేసింది. గోవాలో కేరళ పనివాళ్లు కొబ్బరి తాడుతో కుట్టి, చెట్ల బంకతో సందులు మూసిన ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్యను కార్వార్‌లో తన కొలువులో చేర్చుకుంది. అదే ఏడాది డిసెంబరు చివర పోరుబందరులో బయలుదేరిన ఆ ఓడ 2026 జనవరిలో మస్కట్ చేరింది. అరేబియా సముద్రం దాటించిన ఆ విద్యకు గోదావరి తీరపు చుట్టరికం ఉందని మన పిల్లలకు ఎవరైనా చెప్పారా?

అతుకు అంటే కదిలేది. ఈ సంగతి పడవ వడ్రంగికి తెలుసు, కిటికీ మేస్త్రీకి చాలాసార్లు తెలియదు. క్యారవాన్ పైకప్పు అంచున 6 మీటర్ల అల్యూమినియం పట్టీ ఉందనుకుందాం. మే నెల మధ్యాహ్నం ఎండకు అది కాలి, సాయంత్రం గాలివానకు చల్లబడినప్పుడు 35 డిగ్రీల తేడా వచ్చిందంటే, ఆ పట్టీ పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు మారుతుంది. కింద ఉన్న ప్లైవుడ్ అంత మారదు. మధ్యలో నలిగేది సీలెంటే. దానికి తోడు కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారి మీద బండి నడుస్తుంటే ప్రతి గతుకుకూ గోడలు అల్లాడతాయి. సాగి మళ్లీ దగ్గరయ్యే గుణం లేని పూత అక్కడ నెల కూడా నిలవదు. ఇంట్లో పైపు చిల్లులకు వాడే ఎం-సీల్‌ను కదిలే అతుకులకు పూస్తే అది పగలడానికి కారణం ఇదే. అది గట్టిపడే పదార్థం, సాగేది కాదు.

సాగే సీలెంట్‌కు కూడా సాగేందుకు వీలు ఇవ్వాలి. సందు రెండు పక్కలకూ అంటుకుంటే అది రెండు వైపులకూ సాగుతుంది. అడుగుకు కూడా అంటుకుంటే మూడు వైపులా కట్టేసినట్టయి మధ్యలో చీలుతుంది. అందుకే లోతైన సందులో ముందు నురుగు తాడు ఒకటి కూరి, దాని మీద సీలెంట్ పూస్తారు. పూత లోతు సందు వెడల్పులో సగం ఉంటే మేలు. కాకినాడ వడ్రంగి కూరే దూది చేసే పని అచ్చంగా ఇదే అనలేం, అక్కడ నీటిని ఆపేది ముఖ్యంగా దూదే. కానీ లోపల ఒకటి, పైన ఒకటి అన్న ఆలోచన ఒక్కటే. మన ఇళ్లలో అంగుళం వెడల్పు సందును కూడా ఒట్టి సిలికాన్‌తో నింపేస్తున్నారు. ట్యూబులు ఖర్చవుతాయి, పని నిలవదు.

ఇక తీరైన గీత ఎలా వస్తుందన్న సంగతి. ప్లాస్టిక్ గీకుడు బిళ్లతో పాతదంతా తీయాలి. ఇనుప చాకు వాడితే, క్యారవాన్ పైకప్పు మీద రబ్బరు పొర ఉంటే అది తెగుతుంది. మిగిలిన పల్చటి జిడ్డును స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. ప్లాస్టిక్ భాగాల మీద థిన్నర్ పోయకూడదు, కరుగుతాయి. అంతర్వేది, ఉప్పాడ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఒక పని అదనం. రేకు మీద పేరుకున్న ఉప్పును మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత సందుకు రెండు పక్కలా మాస్కింగ్ టేపు అంటించి, దాని అంచును వేలితో నొక్కాలి. టేపు అంచు సరిగ్గా నొక్కకపోతే సీలెంట్ దాని కిందికి పాకి గీత చెదురుతుంది.

ట్యూబు మూతిని వాలుగా, సందు కంటే కాస్త చిన్నగా కోయాలి. మన దగ్గర తొందరలో మూతిని సగానికి కోసేస్తారు. అప్పుడు తాడులా రావలసింది ముద్దలా కారుతుంది. గన్నును ఒకే వేగంతో, మూతి సందులోకి ఆనేలా నడపాలి. 6 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న సందుకు 300 మిల్లీలీటర్ల ట్యూబు దాదాపు 8 మీటర్లు వస్తుంది. అంతకన్నా చాలా తక్కువ వచ్చిందంటే ఎక్కడో అనవసరంగా పోసినట్టే. పూసిన వెంటనే, పొర కట్టకముందే, ఒక్కసారి మాత్రమే సాపు చేయాలి. చెంచా వీపుతోనో, తడి వేలితోనో ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా లాగాలి. ఆ నొక్కుడుకే సీలెంట్ రెండు అంచులకూ గట్టిగా పడుతుంది. పదేపదే తడిమితే పైన కట్టిన పొర చిరుగుతుంది. సబ్బు నీళ్లు వాడేవాళ్లు కొన్ని చుక్కలతో ఆపాలి. ఆ నీరు సందులోకి ముందే దిగితే సీలెంట్ అంటదు. ఆఖరున, పచ్చిగా ఉండగానే టేపును సందుకు దూరంగా వాలుగా లాగేయాలి. ఆరాక లాగితే టేపుతోపాటు అంచు కూడా వస్తుంది. ఈ చివరి అరనిమిషంలోనే గీత తేలేదో మునిగేదో తెలిసిపోతుంది.

క్యారవాన్ పైకప్పు మీద బల్లపరుపు చోట దానంతట అదే పరుచుకునే రకం వాడతారు, నిలువు గోడకు జారని రకం. గాలి గొట్టం చట్రం కింద ముందుగా బంకలా అంటుకునే బ్యూటైల్ టేపు పరిచి, స్క్రూలు బిగించి, ఆ తర్వాతే స్క్రూ తలల మీద సీలెంట్. ఒట్టి పైపూతతో సరిపెట్టే బండి మొదటి వానకే దొరికిపోతుంది. కొట్లో అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. ఘాటైన వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ లోహాన్ని తినేస్తుంది, సిమెంటుకూ పడదు. అల్యూమినియం కిటికీకైనా, క్యారవాన్‌కైనా ఆ వాసన లేని న్యూట్రల్ రకం కావాలి. ట్యూబు మీద గడువు తేదీ చూడటం మరిచిపోకూడదు. రేకుల షెడ్డులో వేసవంతా మగ్గిన పాత ట్యూబు గన్నులోంచి బాగానే వస్తుంది కానీ సరిగ్గా గట్టిపడదు.

పని ఎప్పుడు చేయాలన్నదీ తేలిక ప్రశ్న కాదు. జూన్‌లో మొదటి చినుకు పడ్డాక పరుగులు తీయడం డెల్టాలో రివాజు. అప్పటికి గోడలో చెమ్మ చేరి ఉంటుంది. సిలికాన్ గట్టిపడటానికి గాలిలో తేమ సాయపడుతుంది గానీ, అంటుకునే చోటు పొడిగా ఉండాలి. నడి ఎండలో కాలుతున్న రేకు మీద పూస్తే బుడగలు వస్తాయి. పైగా అప్పుడు పట్టీలు సాగి సందు ఇరుకుగా ఉంటుంది. రాత్రి చల్లబడి సందు విచ్చుకోగానే కొత్త పూత మీద లాగుడు పడుతుంది. సంక్రాంతికి ఇల్లు కడిగి సున్నాలు వేయడం ఇక్కడి అలవాటు. ఈ పనికీ ఆ రోజులే సరైనవి. ఈశాన్య రుతుపవనాల వానలు వెళ్లిపోయి, ఎండ ముదరని సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, మంచు ఆరిన తర్వాత పొద్దున పూట. అక్టోబరు, నవంబరు నెలలు మాత్రం ఈ తీరానికి గండం. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి వాన పై నుంచి పడలేదు, పక్క నుంచి కొట్టింది. అలాంటి గాలి నీటిని అతుకులోకి నెడుతుంది, కొన్నిచోట్ల కింది నుంచి పైకి కూడా ఎక్కిస్తుంది. మామూలు వానకు కారని కిటికీలు ఆ రాత్రి కారితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మూయకూడని చోట మూయడం ఇంకో పెద్ద తప్పు. జారుడు అల్యూమినియం కిటికీల్లో, యూపీవీసీ కిటికీల్లో, క్యారవాన్ కిటికీల్లో కింది గాడికి బయటివైపు చిన్న చిన్న చీలికలు ఉంటాయి. గాడిలో చేరిన వాననీరు బయటికి పోయే దారి అది. ఇల్లు కారుతోందనగానే అత్యుత్సాహంతో ఆ చీలికలను కూడా సిలికాన్‌తో పూడ్చేస్తున్నారు. నీరు గాడిలో నిండి లోపలి అంచు దాటి గదిలోకి పొర్లుతుంది. అప్పుడు ఇంకో ట్యూబు తెచ్చి లోపల కూడా పూస్తారు. పైనా, పక్కలా మూయాలి, కింద నీటి దారి వదలాలి. కారేది ఎక్కడో తేల్చుకోవాలంటే ఒకరు లోపల నిలబడి చూస్తుండగా ఇంకొకరు బయట పైపుతో కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో అతుకు మీద కాసేపు నీళ్లు పెడుతూ పైకి రావాలి. మొదటే పైన నీళ్లు కొడితే అవి అన్నిచోట్లకూ జారి, దొంగ ఎవరో తేలదు.

ఇదంతా చదివాక ఎవరికైనా కలిగే సందేహం ఒకటే. ఇంత ఓపికగా చేసే మేస్త్రీ ఎక్కడ దొరుకుతాడు? దొరకడు, ఎందుకంటే ఆ ఓపికకు మనం డబ్బు ఇవ్వడం లేదు. మనం ఇచ్చే కూలి ట్యూబు లెక్కన, అడుగు లెక్కన. పాతది గీకడానికి పట్టే పూట ఎవరి లెక్కలోనూ లేదు. కాకినాడ బోటు యజమాని అలా బేరం ఆడడు. తోడటానికి రెండు రోజులు పట్టిందంటే రెండు రోజుల కూలి ఇస్తాడు, ఎందుకంటే సముద్రంలోకి వెళ్లేది అతని మనుషులు. కిటికీ విషయంలోనూ, పర్యాటక బండి విషయంలోనూ ఆ లెక్కే రావాలి. ప్రభుత్వం క్యారవాన్లకూ హౌస్‌బోట్లకూ మరమ్మతు టెండర్లు పిలిచినప్పుడు పాత సీలెంట్ తొలగించడాన్ని ప్రత్యేక పద్దుగా రాయాలి. కోనసీమ దిండిలోని హౌస్‌బోట్లకైనా, పాపికొండల దారిలో తిరిగే బోట్లకైనా కిటికీలు, అద్దాలు, డెక్కు అతుకులు బోలెడు. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టే తనిఖీ అధికారి చేతిలో ఒక చిన్న టార్చిలైటు, అతుకుల జాబితా కూడా ఉండాలి.

కొయ్య బోట్ల సంఖ్య తగ్గుతోంది, ఫైబర్ బోట్లు వాటి చోటు తీసుకుంటున్నాయి. పాత కొయ్య మీద ఫైబర్ పొర వేయించుకునేవాళ్లూ ఉన్నారు. కొయ్య తడిగా ఉండగానే ఆ పొర వేస్తే లోపల కుళ్లు మొదలై, పైకి ఏమీ తెలియకుండా పలక పిండవుతుంది. కిటికీల దగ్గర జరిగే తప్పే అక్కడా జరుగుతోంది. దూది కూరే పని తగ్గేకొద్దీ ఆ వడ్రంగుల పిల్లలు వేరే పనులకు పోతున్నారు. వాళ్ల చేతిలో ఉన్న విద్య కొయ్యకే పరిమితం కాదు. సందు చూసి దాని కదలికను అంచనా కట్టడం, పాతది పూర్తిగా తోడటం, ఎంత కూరాలో తెలియడం, పైన సాపు చేసి ఆపడం, ఇవన్నీ అల్యూమినియానికీ ఫైబర్‌కూ గాజుకూ కూడా వర్తిస్తాయి. గన్ను పట్టడం వాళ్లకు రెండు రోజుల్లో వచ్చేస్తుంది. గన్ను పట్టడం తెలిసినవాళ్లకు ఈ చూపు రావడానికి ఏళ్లు పడుతుంది.

కాబట్టి కాకినాడ, రాజమహేంద్రవరం ఐటీఐలలో సీలెంట్ పనికి ఒక చిన్న కోర్సు పెట్టాలి. తాళ్లరేవు బోటు వడ్రంగులను అక్కడికి కూలీలుగా కాకుండా జీతమిచ్చి గురువులుగా పిలవాలి. బస్సు బాడీ కట్టేవాళ్లు, కిటికీ బిగించేవాళ్లు, బోటు మరమ్మతు చేసేవాళ్లు ఒకే గదిలో కూర్చోవాలి. 2027 పుష్కరాలకు ముందే ఒక బ్యాచ్ బయటికి వచ్చేలా చూడాలి. పరీక్షకు కొత్త కిటికీ ఇవ్వకూడదు. మూడు పొరల పాత సిలికాన్ పేరుకున్న కిటికీ ఒకటి తెచ్చి ముందు పెట్టాలి. గీకడానికి సగం మార్కులు, గీతకు మిగతా సగం. మార్కులు వేశాక కిటికీని ఆరుబయటే వదిలేసి, ఒక వానాకాలం గడిచాక పైపుతో నీళ్లు కొట్టి చూసి అప్పుడు సర్టిఫికెట్ ఇవ్వాలి.